మానవ ప్రోటీన్ – ప్రయోగశాల నుంచి సాలూరు మన్యం దాకా: పునఃసంయోజక హిమోగ్లోబిన్ చరిత్ర, తెలుగు పరిభాష

వ్యాససంగ్రహం:

మానవ ప్రోటీన్‌ను మనిషి దేహానికి వెలుపల, సూక్ష్మజీవి కణంలో తయారుచేయడం ఇరవయ్యో శతాబ్ది చివరి పాదంలో సాధ్యమైంది. అలా తయారైన ప్రోటీన్లలో హిమోగ్లోబిన్‌ది విశిష్టమైన చరిత్ర. దానిలోని ఒక్క అమైనో ఆమ్లపు మార్పు వల్ల కలిగే సికిల్ సెల్ వ్యాధి తూర్పు కనుమల గిరిజన సమాజాల్లో నేటికీ ప్రాణసమస్యగా ఉంది. రక్తం నుంచి ప్రయోగశాలకు సాగిన జ్ఞానయాత్రనూ, అక్కడి నుంచి సాలూరు మన్యం వంటి ప్రాంతాలకు ఆ జ్ఞానం తిరిగివస్తున్న తీరునూ ఈ వ్యాసం కాలక్రమంలో పరిశీలిస్తుంది. ఈ చరిత్రలో మూడుచోట్ల ఎదురయ్యే ‘వాహకం’ అనే పారిభాషిక పదం కలిగించే అర్థసంక్లిష్టతను చర్చిస్తుంది.

కీలకపదాలు: పునఃసంయోజక ప్రోటీన్, హిమోగ్లోబిన్, సికిల్ సెల్, సాలూరు, మన్యం, వాహకం, శాస్త్రపరిభాష, గిడుగు రామమూర్తి.

1. ప్రవేశిక:

వేగావతి నది ఒడ్డున, తూర్పు కనుమల పాదంలో ఉన్న పట్టణం సాలూరు. విజయనగరం నుంచి రాయపూర్ వెళ్లే రహదారి ఇక్కడి నుంచి పాచిపెంట మీదుగా కొండలెక్కి ఒడిశాలోని కొరాపుట్ వైపు సాగుతుంది. ఈ దారి వల్లనే సాలూరు లారీల ఊరిగా పేరుపొందింది. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పార్వతీపురం మన్యం జిల్లాలో ఇది ఒక ముఖ్యపట్టణం. చుట్టుపక్కల కొండల్లో జాతాపు, సవర, కొండదొర, గదబ, కువి మాట్లాడే కోందు మొదలైన గిరిజన సమాజాలు నివసిస్తున్నాయి. సంతకూ, ఆసుపత్రికీ, కళాశాలకూ కొండవారు దిగివచ్చే ఊరు ఇది.

పరిశోధన సంస్థలు కొనుగోలుచేసే పునఃసంయోజక మానవ ప్రోటీన్ల సీసాల మీద సాధారణంగా ఒక హెచ్చరిక ఉంటుంది. అది పరిశోధనకు మాత్రమేననీ, రోగనిర్ధారణకు గానీ చికిత్సకు గానీ వాడరాదనీ దాని సారాంశం. నియంత్రణ దృష్టితో చూస్తే ఆ హెచ్చరిక న్యాయమైనదే. చరిత్ర దృష్టితో చూస్తే అది ఒక సరిహద్దు గీత. గీతకు ఒకవైపు శుద్ధమైన అణువు, రెండోవైపు అదే అణువును నెత్తుటిలో మోస్తూ నొప్పితో బతికే మనిషి. ఈ రెండింటి మధ్య దూరం ఎలా ఏర్పడింది, ఏయే సందర్భాల్లో తగ్గింది అన్నది ఈ వ్యాసం ఎదుర్కొనే ప్రశ్న.

2. మాట చరిత్ర – ‘మాంసకృత్తు’ నుంచి ‘ప్రోటీన్’ దాకా:

1838లో ముల్డర్ రచనలో తొలిసారి అచ్చయిన ‘ప్రోటీన్’ అనే పేరును సూచించినవాడు స్వీడన్ రసాయన శాస్త్రజ్ఞుడు బెర్జీలియస్. ‘ప్రథమస్థానంలో ఉన్నది’ అనే అర్థమిచ్చే గ్రీకు మాట దానికి మూలం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దీనికి ‘మాంసకృత్తు’ అనే మాట స్థిరపడింది. మాంసాన్ని చేసేది అని దాని వ్యుత్పత్తి. పప్పు, పాలు, గుడ్డు, చేప గురించి చెప్పేటప్పుడు ఈ మాట చక్కగా ఒదుగుతుంది. తరాల తెలుగు విద్యార్థులు ప్రోటీన్‌ను ముందుగా ఆహారంగానే ఎరుగుదురు.

అయితే హిమోగ్లోబిన్ మాంసాన్ని చేయదు, ప్రాణవాయువును మోస్తుంది. ఇన్సులిన్ సందేశాన్ని చేరవేస్తుంది. ఇంటర్‌ఫెరాన్ వైరస్ వచ్చిందని పక్క కణాన్ని హెచ్చరిస్తుంది. ప్రోటీన్ అంటే పని చేసే అణువు అనే భావన బలపడిన కొద్దీ ‘మాంసకృత్తు’ పోషకాహార పాఠానికి పరిమితమై, ఉన్నత తరగతుల పుస్తకాల్లోకి ‘ప్రోటీన్’ వచ్చింది. ఇది కేవలం ఆంగ్లపద వ్యామోహం కాదు. వస్తువు గురించిన అవగాహన మారినప్పుడు పాత పేరు దానికి చాలకపోవడం ఇందుకు ప్రధాన కారణం.

3. నెత్తురు నుంచి అణువుకు (1910–1957):

1910లో చికాగో వైద్యుడు జేమ్స్ హెరిక్, గ్రెనడా దీవి నుంచి వచ్చిన ఒక దంతవైద్య విద్యార్థి రక్తంలో కొడవలి ఆకారపు ఎర్రకణాలను వర్ణించాడు. 1949లో లైనస్ పాలింగ్, ఇటానో, సింగర్, వెల్స్ ఈ రోగుల హిమోగ్లోబిన్ విద్యుత్ క్షేత్రంలో సాధారణ హిమోగ్లోబిన్‌కన్నా భిన్నంగా కదులుతుందని చూపి, దీనిని ‘అణువ్యాధి’గా పేర్కొన్నారు. ఒక వ్యాధికి మూలం ఒక ప్రోటీన్ అణువు నిర్మాణంలో ఉందని నిరూపితం కావడం వైద్యచరిత్రలో అదే మొదటిసారి. 1956–57లో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఆ భేదాన్ని కచ్చితంగా గుర్తించాడు. హిమోగ్లోబిన్‌లో 141 అమైనో ఆమ్లాల ఆల్ఫా గొలుసులు రెండు, 146 అమైనో ఆమ్లాల బీటా గొలుసులు రెండు ఉంటాయి. బీటా గొలుసు ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ చేరడమే సికిల్ సెల్ వ్యాధికి మూలం.

భారతదేశపు కొండల పేరు ఈ చరిత్రలోకి 1952లో వచ్చింది. ఆ సంవత్సరం లేమన్, కట్‌బుష్ నీలగిరి గిరిజనుల్లో సికిల్ లక్షణాన్ని నమోదుచేశారు. అదే సంవత్సరం డన్‌లప్, మజుందార్ ఎగువ అస్సాం తేయాకు తోటల కూలీల్లో ఈ వ్యాధిని గుర్తించారు. ఆ తోటలకు వలస కూలీలు వెళ్లిన ప్రాంతాల్లో ఛోటానాగ్‌పూర్, ఒడిశాలతోపాటు నాటి మద్రాసు రాజధానిలోని గంజాం, విశాఖపట్టణం జిల్లాలు కూడా ఉన్నాయి. తూర్పు కొండల నెత్తురు తేయాకు తోటల దారిన వైద్యపత్రికలకు చేరిందన్నమాట. కూలి కోసం ఇల్లు విడిచిన మనుషులు అక్కడ కొత్త వ్యాధికి ఉదాహరణలుగా నమోదయ్యారు.

1954లో ఆంథనీ అలిసన్ తూర్పు ఆఫ్రికాలో చేసిన పరిశీలన దీనికి చారిత్రక వివరణ ఇచ్చింది. సికిల్ జన్యువు ఒకటే ఉన్నవారికి ప్రాణాంతక మలేరియా నుంచి కొంత రక్షణ లభిస్తుంది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వచ్చినవారు వ్యాధిగ్రస్తులవుతారు. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఈ జన్యువు తరతరాలుగా నిలిచి ఉండడానికి ఇదే కారణం. మన్యం జ్వరాల చరిత్ర తెలిసినవారికి ఈ వివరణ ఎంత సమీపమైనదో వేరుగా చెప్పనక్కరలేదు.

తెలుగు సాహిత్యచరిత్రకూ ఈ జ్వరంతో సంబంధముంది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు వేంకట రామమూర్తి (1863–1940) సవర భాష నేర్చుకోవడానికి కొండల్లో తిరిగి మలేరియా బారినపడ్డారు. దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి దెబ్బతిన్నది. ఒక భాషను చెవితో విని, దాని ధ్వనులను రాతలో పెట్టిన పండితుడు ఆ కృషిలోనే చెవులను పోగొట్టుకున్నారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర–ఆంగ్ల నిఘంటువు 1938లో వెలువడ్డాయి. ఈ ఉదంతపు ప్రాసంగికత ఆరో భాగంలో స్పష్టమవుతుంది.

4. సూక్ష్మజీవిలో మానవ ప్రోటీన్ (1973–1990):

1973లో స్టాన్లీ కోహెన్, హెర్బర్ట్ బోయర్ ఒక జీవి జన్యువును బాక్టీరియాలోని వలయాకార డీఎన్ఏలో, అంటే ప్లాస్మిడ్‌లో చేర్చి, దానిని బాక్టీరియాతో పాటు వృద్ధి చేయించే విధానాన్ని నెలకొల్పారు. 1977లో ఇటాకురా, బోయర్ బృందం సొమాటోస్టాటిన్ అనే చిన్న హార్మోన్‌ను ఇ.కోలై బాక్టీరియాలో తయారుచేయించింది. అందులో ఉన్నవి 14 అమైనో ఆమ్లాలే. 1978లో మానవ ఇన్సులిన్ అదే దారిలో తయారైంది. 1982లో అమెరికాలో దాన్ని మందుగా వాడేందుకు అనుమతి లభించింది.

పరాయి ప్రోటీన్‌ను బాక్టీరియా సులువుగా నిలవనివ్వదు. తన ఎంజైములతో దాన్ని ముక్కలుచేస్తుంది. అందుచేత పరిశోధకులు కావలసిన ప్రోటీన్‌ను బాక్టీరియా సొంత ప్రోటీన్‌కు అతికించి తయారుచేయించి, తరువాత వేరుచేసేవారు. ఇన్సులిన్ విషయంలో ఈ వేరుచేయడానికి మిథియోనైన్ ఉన్న చోట మాత్రమే తెగగొట్టే సయనోజన్ బ్రోమైడ్‌ను వాడారు. ఇన్సులిన్‌లో మిథియోనైన్ లేదు గనుక అది చెక్కుచెదరకుండా బయటపడింది. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 55వ స్థానంలో మిథియోనైన్ ఉంది. అదే పద్ధతి వాడితే గొలుసు మధ్యలోనే తెగిపోతుంది.

1984లో కేంబ్రిడ్జ్ అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో కియోషి నగాయ్, థోగర్సన్ ఈ చిక్కును విప్పారు. అతికించిన రెండు ప్రోటీన్ల మధ్య నాలుగు అమైనో ఆమ్లాల గుర్తును ఉంచి, ఆ గుర్తు దగ్గరే కోసే ఎంజైమును ఉపయోగించారు. ఆ ఎంజైము రక్తం గడ్డకట్టే ప్రక్రియలో పాల్గొనే ‘ఫాక్టర్ టెన్–ఎ’. రక్తపు ప్రోటీన్‌ను విడిపించడానికి మరో రక్తపు ప్రోటీనే పనిముట్టయింది. అలా లభించిన బీటా గొలుసును హీమ్‌తో, ఆల్ఫా గొలుసుతో కలిపితే ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్ ఏర్పడింది. 1990లో అమెరికాలో మరో బృందం ఆల్ఫా, బీటా గొలుసులు రెండింటినీ ఒకే బాక్టీరియాలో కలిపి తయారుచేయించి, నాలుగు గొలుసుల సంపూర్ణ హిమోగ్లోబిన్‌ను సాధించింది.

దీన్ని కృత్రిమ రక్తంగా వాడాలన్న ఆశ ఫలించలేదు. ఎర్రకణం గోడ లేకుండా స్వేచ్ఛగా తిరిగే హిమోగ్లోబిన్, రక్తనాళాలను సడలించే నైట్రిక్ ఆక్సైడ్‌ను హరించి రక్తపోటును పెంచింది. అయితే పరిశోధన సాధనంగా దాని విలువ తగ్గలేదు. దాత రక్తం నుంచి తీసిన హిమోగ్లోబిన్‌లో పరిశోధకుడు ప్రకృతి ఇచ్చిన మార్పులనే చూడగలడు. పునఃసంయోజక పద్ధతిలో తనకు కావలసిన స్థానంలో కావలసిన మార్పు చేసి చూడగలడు. సికిల్ హిమోగ్లోబిన్ అణువులు ప్రాణవాయువును విడిచినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని పొడవైన పోగులుగా మారతాయి. ఆరో స్థానంలోని వాలీన్ పక్క అణువు బీటా గొలుసులో 85, 88 స్థానాల దగ్గరున్న జలవిముఖమైన గుంటలో ఇమిడిపోవడం ఆ అతుకుకు ఆధారం. ఏ అతుకు ఎంత ముఖ్యమో ఒక్కొక్క స్థానాన్నీ మార్చి పరీక్షించే వీలు ఈ ప్రోటీన్ల వల్ల కలిగింది.

5. తెలుగునేలపై పునఃసంయోజక విజ్ఞానం:

ఈ విద్య తెలుగునేలకు ఉత్పత్తి రూపంలో వచ్చింది హైదరాబాదు ద్వారా. 1977లో ఏర్పడిన కణ, అణుజీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ) పి.ఎం. భార్గవ సారథ్యంలో మౌలిక పరిశోధనకు పునాది వేసింది. 1993లో కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ ఉస్మానియా విశ్వవిద్యాలయంలోనూ, సీసీఎంబీలోనూ పరిశోధన సాగించి, 1997లో హెపటైటిస్–బి టీకాను విడుదలచేసింది. భారతదేశంలో పునఃసంయోజక పద్ధతిలో తయారై విపణికి వచ్చిన తొలి వైద్య ఉత్పత్తి అదే. టీకాలోని ప్రోటీన్ వైరస్‌ది, మానవునిది కాదు. దానిని తయారుచేసే ఈస్ట్ కణపు విద్య మాత్రం ఒకటే. అదే సంస్థ 2002లో ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా అనే మానవ ప్రోటీన్‌ను తెచ్చింది. డాక్టర్ రెడ్డీస్ సంస్థ తెల్లకణాలను పెంచే మానవ ప్రోటీన్‌ను, భారత్ బయోటెక్ గాయాలను మాన్పే మానవ ఎపిడెర్మల్ గ్రోత్ ఫాక్టర్‌ను తయారుచేశాయి.

ఈ చరిత్రలో పరిశీలించవలసింది కాలవ్యవధి. పునఃసంయోజక హెపటైటిస్–బి టీకాకు అమెరికాలో 1986లో అనుమతి వచ్చింది. హైదరాబాదులో అది 1997లో తయారైంది. దిగుమతి టీకా వందల రూపాయలు పలికిన రోజుల్లో దేశీయ ఉత్పత్తి దాని ధరను సామాన్యుడికి అందేలా తగ్గించింది. సార్వత్రిక టీకా కార్యక్రమంలో భాగంగా ఆంధ్రప్రదేశ్‌తో కలిపి పది రాష్ట్రాలకు అది విస్తరించింది 2007–08లో. ఆవిష్కరణ నుంచి పల్లె ఆరోగ్యకేంద్రం దాకా రెండు దశాబ్దాలు పట్టింది. ఆ దూరాన్ని తగ్గించినవి మూడు: స్థానిక ఉత్పత్తి, తక్కువ ధర, ప్రభుత్వం కొని ఉచితంగా పంచడం. వీటిలో ఏ ఒక్కటి లోపించినా టీకా కొండ పాదం దగ్గరే ఆగిపోయేది.

సికిల్ సెల్ విషయంలోనూ తెలుగువారికి ఒక పాత భాగస్వామ్యం ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలు 1945 ప్రాంతంలో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించాయి. సికిల్ రోగిలో ఎర్రకణాలు త్వరగా నశిస్తాయి. కొత్తవాటిని నిరంతరం తయారుచేసుకోవడానికి శరీరానికి ఫోలిక్ ఆమ్లం అధికంగా కావాలి. నేడు మన్యంలో సికిల్ రోగి చేతికి అందే ఫోలిక్ ఆమ్లం మాత్ర వెనుక ఆ కృషి ఉంది.

6. సాలూరు మన్యం – తిరుగుదారి:

2023 జూలై 1న కేంద్రప్రభుత్వం జాతీయ సికిల్ సెల్ రక్తహీనత నిర్మూలన కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2047 నాటికి దీనిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయడం దాని లక్ష్యం. గిరిజన జనాభా ఉన్న 17 రాష్ట్రాల్లో 40 ఏళ్లలోపు ఏడు కోట్లమందిని పరీక్షించాలని సంకల్పం. వాటిలో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

పరీక్ష రెండు దశల్లో సాగుతుంది. మొదటిది ద్రావణీయత పరీక్ష. ప్రాణవాయువును తొలగించే రసాయనంలో సికిల్ హిమోగ్లోబిన్ కరగక, ద్రావణం మసకబారుతుంది. ఇది ఆ హిమోగ్లోబిన్ ఉందని చెబుతుంది గానీ, ఒక జన్యువు ఉందా రెండూ ఉన్నాయా అన్నది తేల్చదు. దానికి రెండో దశలో హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి కొలిచే యంత్రం కావాలి. ప్రతిదేహకాల ఆధారంగా కొద్ది నిమిషాల్లో ఫలితమిచ్చే కిట్లు కూడా ఇప్పుడు వాడుకలో ఉన్నాయి. రోడ్డులేని గూడెం నుంచి రోగిని డోలీలో మోసుకురావలసిన చోట, రెండోసారి రమ్మని చెప్పడానికీ, అక్కడికక్కడే ఫలితం చెప్పడానికీ మధ్య భేదం చాలా పెద్దది.

చికిత్సలోనూ ధరల అంతరం తీవ్రమైనది. తల్లిగర్భంలో శిశువుకుండే పిండ హిమోగ్లోబిన్ సికిల్ పోగులు ఏర్పడకుండా అడ్డుకుంటుంది. పసిబిడ్డల్లో ఈ రక్షణను 1948లోనే జానెట్ వాట్సన్ ఊహించింది. 1986లో ఒడిశా రోగులపై వెలువడిన అధ్యయనాలు, అక్కడ పిండ హిమోగ్లోబిన్ ఎక్కువగా ఉండడాన్నీ, ఈ ప్రాంతపు సికిల్ జన్యువు ఆఫ్రికా నుంచి రాక ఆసియాలోనే స్వతంత్రంగా పుట్టిందనడానికి ఆధారాలనూ చూపాయి. కొరాపుట్ కొండలకు ఈవలి పాదంలోనే సాలూరు ఉంది. ఆ రోగుల నుంచి దొరికిన జ్ఞానం కూడా పిండ హిమోగ్లోబిన్‌ను పెంచే చికిత్సల ఆలోచనకు బలమిచ్చింది. ఆ ఆలోచనతో వచ్చిన జన్యుసవరణ చికిత్సకు 2023 చివర బ్రిటన్, అమెరికాలలో అనుమతి లభించింది. అమెరికాలో దాని ధర ఒక్కొక్క రోగికి 22 లక్షల డాలర్లు. అదే పనిని పరిమితంగా చేసే హైడ్రాక్సీయూరియా చౌకైన మాత్ర. కొండగూడేనికి నేడు చేరగలిగింది రెండోదే. అది కూడా క్రమం తప్పకుండా, రక్తపరీక్షల పర్యవేక్షణతో చేరితేనే ప్రయోజనం.

ఇక్కడ పరిభాష సమస్య ముందుకొస్తుంది. సికిల్ జన్యువు ఒకటి ఉండి ఆరోగ్యంగా ఉన్నవారిని తెలుగులో ‘వాహకులు’ అంటున్నారు. మలేరియాను వ్యాపింపజేసే దోమను కూడా పాఠ్యపుస్తకాలు ‘వాహకం’ అంటాయి. పునఃసంయోజక విధానంలో జన్యువును బాక్టీరియాలోకి చేర్చే ప్లాస్మిడ్ పేరు కూడా ‘వాహకం’. ఆంగ్లంలో మొదటిదానికి ఒక మాట, తక్కిన రెండింటికీ మరొక మాట ఉన్నాయి. తెలుగులో మూడూ ఒకే ధాతువు కిందికి చేరాయి. శాస్త్రవిద్యార్థి సందర్భాన్ని బట్టి భేదాన్ని గ్రహిస్తాడు. దోమతెరలు పంచేటప్పుడు ‘వాహకం’ గురించి విన్న తల్లికి, తన బిడ్డను ‘వాహకుడు’ అన్నప్పుడు తోచేది వేరు. బిడ్డ ఇతరులకు జబ్బు అంటిస్తాడన్న అర్థం ఆ మాటలోనే ధ్వనిస్తుంది. జన్యుస్థితిని తెలిపే కార్డును పెళ్లి సంబంధాల వేళ ఉపయోగించమంటున్న కార్యక్రమంలో ఈ ధ్వని నిరపాయకరమైనది కాదు. మలేరియా నుంచి రక్షించిన జన్యువున్న మనిషికీ, మలేరియాను తెచ్చే దోమకూ ఒకే పేరు పెట్టడం చారిత్రకంగానూ అన్యాయం.

‘ఒక సికిల్ జన్యువు ఉన్నవారు’, ‘రెండు సికిల్ జన్యువులు ఉన్నవారు’ అనే వివరణాత్మక ప్రయోగాలు పొడవైనవే. అయినా వాటిలో నింద లేదు, సంశయం లేదు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి అన్న వంశపారంపర్య సూత్రం కూడా ఆ మాటల్లోనే ఇమిడి ఉంది. ఇదే విషయాన్ని సవర, కువి భాషల్లో ఎలా చెప్పాలన్నది తరువాతి ప్రశ్న. పైన పేర్కొన్న గిడుగు ఉదంతం ఇక్కడ ప్రాసంగికమవుతుంది. సవర పిల్లలకు సవరలోనే చదువు చెప్పాలని ఆయన పుస్తకాలు సిద్ధంచేసి, బడులు పెట్టించారు. కొండవారికి చేరవలసిన జ్ఞానం కొండ భాషలో చేరాలన్న ఆ సూత్రం ఆరోగ్యవిజ్ఞానానికీ వర్తిస్తుంది.

7. ముగింపు:

పై చర్చ నుంచి ఈ అంశాలు తేలుతున్నాయి.

• ‘మాంసకృత్తు’ నుంచి ‘ప్రోటీన్’కు జరిగిన పదపరిణామం ఆహారభావన నుంచి అణుభావనకు జరిగిన జ్ఞానపరిణామాన్ని ప్రతిబింబిస్తుంది.

• హిమోగ్లోబిన్ గురించిన జ్ఞానం వలస కూలీల, గిరిజనుల నెత్తుటితో కూడా సమకూరింది. 1952 నాటి నమోదులు, 1986 నాటి ఒడిశా అధ్యయనాలు ఇందుకు నిదర్శనాలు.

• పునఃసంయోజక హిమోగ్లోబిన్ కృత్రిమ రక్తంగా విఫలమైనా, సికిల్ వ్యాధి నిర్మాణాన్ని అర్థంచేసుకునే సాధనంగా నిలిచింది.

• హెపటైటిస్–బి టీకా అనుభవం ప్రకారం, ప్రయోగశాల నుంచి కొండకు దారి వేసేవి స్థానిక ఉత్పత్తి, అందుబాటు ధర, ప్రభుత్వ పంపిణీ. సికిల్ చికిత్సకు ఈ మూడూ ఇంకా పూర్తిగా సమకూరలేదు.

• ‘వాహకం’ అనే పదం మూడు భిన్నార్థాల్లో వాడుకలో ఉండడం వల్ల సికిల్ జన్యువున్నవారిపై అపార్థానికి అవకాశముంది. ఆరోగ్య ప్రచార సామగ్రిలో దానికి బదులు వివరణాత్మక ప్రయోగాలు అవసరం. వాటిని గిరిజన భాషల్లోకి తేవడం భాషాశాస్త్ర, ప్రజారోగ్య శాఖలు కలిసి చేయవలసిన పని.

సీసా మీది హెచ్చరికను తొలగించడం శాస్త్రజ్ఞుల, నియంత్రణ సంస్థల పరిధిలోనిది. సాలూరు ఆసుపత్రిలో పరీక్ష ఫలితం చెప్పే మాటను సరిచేయడం తెలుగు పరిశోధకుల పరిధిలోనిది. అది ఈనాడే మొదలుపెట్టదగిన పని.